డేగకి దొరికిన సీటు

ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించుకున్నాక, షువైఖ్‌లో మెకానిక్ పని వదిలేసి, బస్రా మీదుగా జోర్డాన్ వెళ్లే బస్సెక్కాను. అమలాపురం చేరడానికి నాకప్పుడు అదే దారి. పక్క సీట్లో రాయచోటి ఆమె, సుబ్బమ్మ. ఉత్తరాన, సరిహద్దు దగ్గర అబ్దలీలో బస్సెక్కింది. అక్కడే ఒక కువైటీ ఇంట్లో ఐదేళ్లుగా పిల్లల్ని చూసుకునేదట. ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అనేది.

బస్సు అబ్దలీ దాటుతుంటే, తలుపులు తెరిచి వదిలేసిన ఒక ఇంటిని చూపించింది. "మా మామావాళ్లు సౌదీకి పోయినారన్నా. కార్లో నాకు తావు లేదనిరి. డేగను మాత్రం ఎక్కిచ్చుకునిరి."

వేటకి పెంచుకునే పక్షికి ఒక సీటు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఐదేళ్లు వాళ్ల పిల్లల్ని సాకితే, నిన్ను తుపాకుల మధ్య వదిలేసి పక్షిని తీసుకుపోతారా? మనుషులేనా వాళ్లు?" అన్నాను.

ఆమె కోపం వేరు. "డేగ సంగతి అట్లుండనీనా. చిన్నోడు నా కొంగు వదల్లేదు. మామా వాని వేళ్లు ఒకటొకటే విడిపిచ్చింది. అన్నం ఉసిరికాయంత ముద్దలు చేసి తట్ట అంచున పెడితేనే వాడు తినేది. కన్నతల్లికి ఆ మాత్రం తెలీదు. నన్ను అడగను గూడా లేదు."

నేను గొంతు ఇంకాస్త పెంచాను. "కన్నబిడ్డ ఎలా తింటాడో తెలీనిది అదేం తల్లమ్మా?"

సుబ్బమ్మ నా వైపు తిరిగింది. "నీకు పిల్లోళ్లుండారానా? వాళ్లెట్ల తింటారు?"

మావాడికి మూడేళ్లు. అప్పటిదాకా వాణ్ని నేను ఫొటోలోనే చూశాను.