పొగగొట్టం మూసిన శనివారం

గ్లఫీరా సావిష్నా పేరుతో అంటించిన మందలింపు నోటీసు మా సంస్థ గోడమీద నెలంతా ఉంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చాత్కాలోని మా ప్రయోగశాలలో ఆమె సహాయకురాలు. ముప్పయ్యేళ్ళుగా ఆమె పని సీసాల్లోని సూక్ష్మజీవులకు తిండి పెట్టడం. అవి ఒక వేడినీటి ఊటలోంచి తెచ్చినవి. డెబ్బై డిగ్రీల వేడిలో హాయిగా ఉంటాయి, మామూలు గాలి తగిలితే చస్తాయి. వాటి తిండి కార్బన్ మోనాక్సైడ్, అంటే మనుషుల్ని చంపే బొగ్గు గాలి. ఆ ఏడాది కొండచరియ విరిగిపడి ఆ ఊట పూడిపోయింది. ఇక ఆ జాతి మిగిలింది మా పన్నెండు సీసాల్లోనే.

బొగ్గు గాలి సంగతి గ్లఫీరాకు ఒకరు చెప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ళప్పుడు, ఇల్లు చల్లబడుతోందని, బొగ్గుల మీద నీలిమంట, అంటే ఆ గాలి మండే మంట, ఇంకా ఆడుతుండగానే వేడి పోకుండా పొగగొట్టం మూత మూసేసి పాలకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తల్లి ప్రాణాలతో లేదు. అప్పటినుంచీ ఎవరింటికి వెళ్ళినా ముందు పొయ్యిలోకి తొంగి చూసేది. "వచ్చిందమ్మా పొయ్యిల పోలీసు!" అని నేనే ఎన్నిసార్లు ఆటపట్టించానో. కారణం తెలిసిన రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ మార్చిలో వెనెడిక్ట్ అర్కాద్యెవిచ్ అనే కొత్త భద్రతాధికారి వచ్చాడు. మా గ్యాసు సిలిండరు చూడగానే ఉలిక్కిపడ్డాడు.

"ఇది విషం కదండీ! ఇవాళే పంపించేస్తున్నా."

"వాటికి తిండి అదేనండీ," అంది గ్లఫీరా.

"వేరే ఏదైనా అలవాటు చెయ్యండి, మెల్లమెల్లగా."

"ఊపిరి పీల్చకుండా ఉండడం మీరు అలవాటు చేసుకుంటారా, మెల్లమెల్లగా?"

అతను నవ్వలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

సిలిండరు ఆ రోజే వెళ్ళిపోయింది. కొత్త సిలిండరుకు అనుమతి రావాలంటే ఆరు వారాలు. సీసాల్లోవి వారం కూడా ఆగవు. మా డైరెక్టరు నీళ్ళు నమిలాడు. ఇంత చదువుకున్న మేమంతా, నాతో సహా, నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ సంగతి తలుచుకుంటే అధికారి మీదకన్నా నామీదే నాకు ఎక్కువ కోపం.

శనివారం పొద్దున్నే గ్లఫీరా నన్ను తన పెరట్లోని ఆవిరి స్నానాల గదికి పిలిచింది. లోపల పొయ్యి నిండా బొగ్గులు కణకణలాడుతున్నాయి. పొయ్యిలోంచి ఒక సన్నని గొట్టం కిటికీ గుండా బయటికి లాగి ఉంది. పొగగొట్టం మూసి, పుట్టిన బొగ్గు గాలిని దాంట్లోంచి పట్టాలని ఆమె ఆలోచన.

"రిమ్మా, ఈ తాడు నా నడుముకి కట్టు. నేను పడిపోతే లాగెయ్."

"పిన్నీ, నీకేమన్నా పిచ్చా? మూత నేను మూస్తాను, తప్పుకో."

"నీకు ఇద్దరు పిల్లలున్నారు. నోర్మూసుకుని తాడు పట్టుకో."

లోపలికి వెళ్ళింది. నీలిమంట ఆడుతూనే ఉంది. మూత మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. తర్వాత మూత చప్పుడైంది. పాలిపోయిన మొహంతో బయటికి వచ్చింది.

ప్రతి శనివారం అక్కడే స్నానం చేసే పక్కింటాయన తువ్వాలుతో ప్రహరీ దగ్గరికి వచ్చాడు. "స్నానానికి వేళయిందా గ్లఫీరా?"

"ఈ వారానికి మురికిగానే ఉండు నాయనా, మురికితో చస్తావేమిటి!"

గొట్టంలోంచి వచ్చిన గాలిలో మిగిలిన ఆక్సిజన్ను మందునీళ్ళతో తీసేసి, సిరంజితో పన్నెండు సీసాలకూ పట్టించింది. అవి బతికుంటే సీసాలో గాలి పెరుగుతుంది, సూది గుచ్చగానే సిరంజి పిడి తనంతట తానే పైకి లేస్తుంది. సోమవారం తొమ్మిది సీసాల్లో పిడి కదల్లేదు. పదో దానిలో లేచింది. తర్వాతి రెండింటిలోనూ లేచింది.

"తిన్నారు నా తల్లులు," అంది గ్లఫీరా.

గాలి ఎక్కడిదో ప్రయోగశాల పుస్తకంలో తనే రాసింది: స్నానాల గది పొయ్యి. దాచడం ఆమెకు రాదు. అధికారి అది చదివి నోటీసు అంటించాడు, ఆపైన అందరి ముందూ ఆమెకు భద్రతా పాఠం పెట్టాడు. అరవయ్యేళ్ళ మనిషిని బడిపిల్లలా ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మనిషి నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోతాడు. అర్థమైందా, గ్లఫీరా సావిష్నా?"

ఆమె లేచి నిలబడింది.

"నిద్రలో కాదండీ. మా అమ్మ తలుపు దాకా పాకింది."

ఆమె బల్ల మీది కలం అందుకుంది.

"పాఠం విన్నట్టు సంతకం ఎక్కడ పెట్టమంటారు? వాటికి తిండి వేళవుతోంది," అంది.