తాళం వేశావా?

వాళ్లింట్లో ఇద్దరిదీ తాళాల పనే. నాన్న వీధి చివర బడ్డీలో కూర్చుని మారు తాళంచెవులు చేసిచ్చేవాడు. అమ్మ ముందుగదిలో పిల్లలకు పాట నేర్పేది. "తాళం వేశావా?" అని నాన్న అడిగితే తలుపు సంగతి, అమ్మ అడిగితే పాట సంగతి. పిల్లాడు మాత్రం ఎవరు దేనికి అడిగారో తేల్చుకోలేక, ముందు వేశానని చెప్పేసి, తర్వాత హడలిపోతూ రెండూ చూసుకునేవాడు. యాభై దాటినా ఆ హడలు వదల్లేదు పాపం.

అమ్మ పాఠం చెబుతుంటే చెక్కపీట మీద స్కేలుతో దరువు వేయడం వాడి పని. భయమేస్తే వాడి చెయ్యి పరుగెత్తేది. పాడే పిల్లలు ఆయాసపడి నవ్వేవాళ్లు, వీడి మొహం మాడిపోయేది. అమ్మ తిట్టేది కాదు. "తప్పితే తప్పావుగానీ ఆపకు నాన్నా. నిన్ను పట్టుకుని పాడేవాళ్లున్నారు," అనేది. ఆ మాట వాడి బుర్రలో మేకులా దిగిపోయింది.

మీసాలొచ్చే వేళకు పీట పోయి పాత డ్రమ్ములొచ్చాయి. పగలగొట్టడానికి ఇంట్లో డబ్బాలు చాలలేదా అని నాన్న సణిగాడు. సణిగినాయనే పెడల్ విరిగితే బడ్డీలో కూర్చుని రిపేరు చేసిచ్చాడు. స్నేహితులు కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నారు, వీడికి దరువు అని పేరు పెట్టారు. అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా మర్చిపోయారు. బేస్ గిటార్ వాయించేవాడి అక్కనే పెళ్లాడాడు. ఆవిడ నర్సు. నాన్న పోయాక పగలు బడ్డీలో తాళంచెవులు అరగదీయడం, సాయంత్రాలు హోటళ్లలో, కాలేజీల్లో డ్రమ్ములు బాదడం, ఇదే దరువు బతుకు.

ఇప్పుడు అమ్మకు మతిమరుపు. ఓసారి ఇంట్లోంచి వెళ్లిపోయి బస్సు డిపోలో దొరికింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరూ లేకపోతే బయట తాళం వేయక తప్పలేదు. కన్నతల్లిని లోపల పెట్టి తాళం వేసేవాడూ ఒక కొడుకేనా అని దరువు తనని తానే తిట్టుకుంటాడు. తిట్టుకుంటూనే వేస్తాడు. నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తాడు.

ఆ సాయంత్రం ఇంటికి దగ్గర్లోనే, పెద్దరోడ్డు అవతలి మైదానంలో కచేరీ. ఇన్నేళ్లకు దొరికిన పెద్ద స్టేజీ. భార్య డ్యూటీలో ఉంది. వ్యానులో డ్రమ్ములు సర్దుతూ దరువు కొత్త పాట తొడ మీద కొట్టుకుంటున్నాడు. అది తాళం లెక్క వంకరగా తిరిగే పాట, పొద్దున్నుంచీ ప్రాణం తీస్తోంది. బావమరిది అడిగాడు, తాళం వేశావా బావా అని. "వేశాలేరా, నువ్వు నీది చూసుకో," అన్నాడు దరువు.

మూడో పాటలో ఏదో తేడా అనిపించింది. పెడల్ తొక్కినప్పుడల్లా జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకోవాలి. గుచ్చుకోవట్లేదు.

చెయ్యి పరుగందుకుంది. పాడేవాడు వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. బావమరిది దగ్గరకొచ్చి చెవిలో అరిచాడు, పరుగెత్తుతున్నావని.

"ఇందాక నువ్వడిగింది ఏ తాళంరా?"

"ఇంటిది. ఇంకే తాళం?"

పైప్రాణాలు పైనే పోయాయి. అయినా చేతులు ఆగలేదు. ఆపకు అన్నది అమ్మే కదా. ఇంకో చరణం కొట్టాడు, ఏం కొట్టాడో అతనికే తెలియదు. కళ్లముందు పెద్దరోడ్డు, దానిమీద లారీలు. ఇక ఆగలేకపోయాడు. పాట నడుమ ఆపేశాడు, జీవితంలో మొదటిసారి. గిటార్లు కాసేపు తడబడి అవీ ఆగిపోయాయి. జనం ఈలలు వేస్తుంటే స్టేజీ దూకి, ఒక డ్రమ్ము కర్ర చేతిలో ఉండగానే పరుగెత్తాడు.

అమ్మ పెద్దరోడ్డు మధ్యలో ఉంది. చెప్పుల్లేవు. ఒక చెయ్యి తొడ మీద, ఇంకో చెయ్యి గాల్లో. ఒక లారీ సరిగ్గా ఆమె ముందు ఆగి ఉంది, డ్రైవరు దిగి నెత్తి పట్టుకుని నిలబడ్డాడు. దరువు వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

అమ్మ కొడుకు మొహంలోకి కోపంగా చూసింది.

"ఎందుకాపావురా? నీ దరువు పట్టుకునే వస్తున్నాను. ఆగిపోయేసరికి ఎటు రావాలో తెలియలేదు."

దరువు రమ్మని లాగాడు. రాలేదు. బతిమాలాడు. కదల్లేదు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. చివరికి చేతిలో ఉన్న కర్రతో లారీ ఇనప బంపరు మీద కొట్టడం మొదలుపెట్టాడు, ఆపిన చోటినుంచి.

అమ్మ కాస్త విని, అడుగు వేసింది. ఆ తర్వాత ఇంకోటి. దరువు కర్ర దెబ్బను బంపరు మీంచి తన అరచేతి మీదికి మార్చుకుని, ఆమె ముందు వెనక్కి నడుస్తూ కొట్టుకుంటూ పోయాడు. ఈసారి చెయ్యి పరుగెత్తలేదు.