మాస్టారింట్లో నీళ్ళ పరుపు

ఎనభైల్లో అంతర్వేది వెళ్తుంటే మలికిపురంలో బస్సు చెడిపోయింది. ఎండలో నిలబడ్డ నన్ను ఒక రిటైర్డు మాస్టారు ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. అక్కడ మంచం మీద నీళ్ళు నింపిన రబ్బరు పరుపు ఉంది. పక్షవాతంతో మాట పడిపోయిన భార్య కోసం కాకినాడ నుంచి తెప్పించారట. ఆవిడ పోయి నెలైనా నీళ్ళు తీయలేదు.

"ఒక్కసారి పడుకుని ఎలా ఉందో చెప్తారాండీ? నాకు ధైర్యం చాలట్లేదండీ."

చనిపోయిన మనిషి పక్క మీద పరాయివాణ్ణి పడుకోమంటారని నేనెన్నడూ అనుకోలేదు. కాదనలేక పడుకున్నాను. చల్లగా ఉంది. ఒంటి బరువంతా నీళ్ళే మోశాయి.

"ఎక్కడా ఒత్తుకోవడం లేదండీ. చాలా హాయిగా ఉంది" అన్నాను.

"ఆయ్. ఆవిడ వీపుకి పుళ్ళు కూడా పడలేదండీ" అన్నారు మాస్టారు. మళ్ళీ ఆయనే అడిగారు. "మరి ఆవిడ రోజూ ఎందుకు ఏడ్చేదంటారండీ?"

పరుపు బాగాలేదని చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.