మా శాఖలో మూడో అధికరణం

ఉద్యమం రోజుల్లో నేను పగలు ప్రత్యేకవాదిని, సాయంత్రం సమైక్యవాదిని. ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదిది, నేనే తీరిగ్గా కూర్చుని తేల్చుకున్న సంగతి. పగలు జగిత్యాల బస్టాండు దగ్గర దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని, రాష్ట్రం విడిపోవాల్సిందేనని గొంతు చించుకునేవాణ్ని. సాయంత్రం కాలేజీ స్టాఫ్‌రూంలో ఫ్యాను కింద కూర్చుని, మా శాఖ మాత్రం విడిపోవడానికి వీల్లేదని అదే బొంగురు గొంతుతో వాదించేవాణ్ని.

శాఖ సంగతి చెప్పాలి. రాజనీతిశాస్త్రం చెప్పే అధ్యాపకులకు దేశం మొత్తానికి ఒక పండిత సంఘం ఉంది. దానికి ప్రాంతానికో శాఖ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీలు కలిపి మాదొక శాఖ. కార్యదర్శిని నేను. ఆ పదవికి నాతో ఎవరూ పోటీ చేయలేదు. ఎన్నిక తేదీ ప్రకటించాల్సింది కార్యదర్శి, నాకు ఎప్పుడూ తీరిక దొరకలేదు. శాఖకు ఒక బ్యానరు, ఒక రబ్బరు స్టాంపు ఉండేవి. బ్యానరు మీద జగిత్యాల పేరు జానెడు అక్షరాల్లో, మిగతా రెండు ఊళ్ల పేర్లు కింద చీమల బారులా ఉండేవి. రాసినాయన చోటు చాలలేదన్నాడు. అందరూ సర్దుకుపోవాలని నేను కోరుట్లకూ సిరిసిల్లకూ నచ్చజెప్పాను.

సమావేశాలన్నీ జగిత్యాలలోనే జరిగేవి, ఎందుకంటే స్టాంపు జగిత్యాలలో ఉంది. స్టాంపు జగిత్యాలలోనే ఎందుకుందంటే, సమావేశాలు జరిగేది ఇక్కడే కదా.

ఏడాదికోసారి ఏదో ఒక పెద్ద నగరంలో సంఘం జాతీయ సదస్సు పెట్టేది. ఒక్కో శాఖ నుంచి ఒక్క పత్రం వెళ్లవచ్చు. మా శాఖ నుంచి ఏటా వెళ్లేది నాదే. ప్రాంతీయ అసమానతలు దాని విషయం. పాత చొక్కాకు కాలరు తిప్పి కుట్టించినట్టు, ఏటా శీర్షిక మార్చి అదే పత్రం చదివేవాణ్ని. వెనుకబడిన ప్రాంతాల గొంతు ఇకనైనా వినాలన్నది చివరి పేరా. అది చదివేటప్పుడు నాకే కళ్లు చెమ్మగిల్లేవి.

సిరిసిల్ల నుంచి ఒక మేడం వచ్చేది. నేతవారింటి అమ్మాయి. వాళ్ల నాన్న చేతిమగ్గం దిగి మరమగ్గాలు పెట్టుకున్నాడు. ఆమె అక్కడి కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని, నాలుగు మగ్గాలు పెట్టుకుని, కూలికి నేయించే చిన్న యజమానులను సిరిసిల్లలో ఆసాములంటారు. ఆ ఆసాములూ కార్మికులూ కూలి దగ్గర ఎలా తగవుపడతారు, సమ్మె ఎలా కడతారు, ఎలా విరమిస్తారు, ఇదీ ఆమె పత్రం. దాన్ని జాతీయ సదస్సులో చదివితే తప్ప ఆమె సిద్ధాంత గ్రంథం తీసుకునేది లేదని యూనివర్సిటీ వాళ్లు అన్నారు. గడువు ఆ ఏడాదితో ముగుస్తుంది. ఈ సంగతి శాఖలో అందరికీ తెలుసు, నాకు మరీ బాగా తెలుసు.

ఆమె వేములవాడలో బస్సు మారి, కొడిమ్యాల దాటి, కొండగట్టు భక్తుల మధ్య ఒంటికాలి మీద నిలబడి జగిత్యాల చేరేసరికి నా ప్రారంభోపన్యాసం నడుస్తూ ఉండేది. ఆమె ఎప్పుడు వచ్చినా అది నడుస్తూనే ఉండేది. ఆమె వంతు అందరికంటే చివర, ఐదు నిమిషాలు. ఆసాములంటే ఎవరో చెప్పడం పూర్తికాకముందే నేను గడియారం వైపు చూసేవాణ్ని. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని చివరి బస్సుకు పరుగెత్తేది.

ఆ రోజుల్లోనే సిరిసిల్ల శిబిరంలో మాట్లాడమని ఆమే నన్ను పిలిచింది. తంగళ్ళపల్లి నుంచి కూడా జనం వచ్చారు. వాళ్లకు రాజ్యాంగంలోని మూడో అధికరణం విప్పి చెప్పాను. కొత్త రాష్ట్రం ఇవ్వాలంటే పార్లమెంటు పాత రాష్ట్రం అభిప్రాయం అడిగితే చాలు, అంగీకారం అక్కర్లేదు అన్నాను. "పెద్దన్న ఒప్పుకోకుంటే పాలు పంచుకునుడు ఆగుతదా?" అని అడిగాను. చప్పట్లు మోగాయి. మేడం ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా వింది. అంత శ్రద్ధగా వినడం మంచిది కాదని నాకప్పుడు తోచలేదు.

తర్వాతి సమావేశంలో నా ఉపన్యాసం ఇంకా సగంలో ఉండగానే ఆమె లేచి నిలబడింది. సిరిసిల్లకు వేరే శాఖ కావాలంది. తమ పత్రం తాము పంపుకుంటామంది. మా కోశాధికారి కోరుట్ల సార్ నాకంటే వయసులో పెద్ద, నెలకో మాట మాట్లాడే మనిషి. ఆయన ఆ నెల మాట అప్పుడు వాడాడు. అట్లయితే కోరుట్లకూ కావాలన్నాడు.

నాకు కోపం వచ్చింది. మనమంతా ఒక్కటే అన్నాను. ఒకే సిలబస్ చెబుతున్న వాళ్లం, మనలో మనకు తేడాలేమిటన్నాను. చిన్న శాఖలు బతికి బట్టకట్టలేవన్నాను. ఎవరో కొందరు పదవుల కోసం చిచ్చు పెడుతున్నారన్నాను. జగిత్యాలను ఇంత అభివృద్ధి చేసుకున్నాక వదిలిపెడతామా అని కూడా అన్నాను. అభివృద్ధి అంటే ఆ మధ్యే చందాలతో కొన్న టీ ఫ్లాస్కు. విడిపోతే ఫ్లాస్కు ఎవరికి చెందాలో ముందు తేల్చమన్నాను.

కోరుట్ల సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు.

"తమ్మీ, పొద్దుగాల టెంటు కాడ ఎవలనైతే తిట్టినవో, గిప్పుడు ఆయినే వచ్చి మాట్లాడుతున్నట్టున్నది."

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. కొత్త శాఖ పెట్టాలంటే పాత శాఖను అడగాలని సంఘం నియమాల్లో ఉంది కదా, అడగడమంటే అభిప్రాయమా, అంగీకారమా అంది. అంగీకారమే అన్నాను. ఆమె నా వైపు చూస్తూ కూర్చుంది. పాఠం చెప్పిన మేస్టారే పరీక్షలో తప్పు రాస్తే పిల్లలు చూసే చూపు అది.

అప్పుడు తెలివైన ప్రభుత్వాలు చేసే పనే నేనూ చేశాను. ఏకాభిప్రాయం రావాలన్నాను. విస్తృత సంప్రదింపులు జరగాలన్నాను. కమిటీ వేశాను. దాంట్లో సభ్యుణ్ని నేనొక్కణ్నే. కమిటీ నివేదికకు ఇంకా సమయం కావాలంటే నాకు నేనే గడువు పొడిగించుకున్నాను. ఇంటికి వెళ్లాక రేడియోలో ఢిల్లీ కబుర్లు విని, ఇంత నాన్చుడా అని పళ్లు కొరికేవాణ్ని.

ఇక వాళ్లు ఉద్యమం మొదలుపెట్టారు. ఎక్కడో నేర్చుకున్నది కాదు, శిబిరంలో మేమంతా కలిసి చేసిందే. ముందు సహాయ నిరాకరణ. కోరుట్ల సార్ కోశాధికారి సంతకం పెట్టడం మానేశాడు. ఆ తర్వాత వంటావార్పు. రాష్ట్రం కోసం రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకు తింటున్న కాలమది. వీళ్లిద్దరూ మరుసటి సమావేశానికి వచ్చి, లోపలికి రాకుండా, కాలేజీ సైకిళ్ల షెడ్డు కింద చాప పరుచుకుని టిఫిను గిన్నెలు తెరిచారు. మా జగిత్యాల కాలేజీ వాళ్లు కూడా ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు లేచి అటే వెళ్లారు. లోపల నేనూ, బ్యానరూ, ఫ్లాస్కూ, చల్లారిపోతున్న మిర్చిబజ్జీల పళ్లెమూ మిగిలాం. కోరం ఉందా లేదా అని కాసేపు ఆలోచించాను.

చివరికి ఆ పళ్లెం పట్టుకుని బయటికి వెళ్లాను. సంధికి కాదు, సర్వపిండి వాసనకు. మేడం ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. నేను నములుతుండగా అంది.

"సార్, మీతోని కొట్లాటకు రాలె. నేను రాసింది ఒక్కపారి మొత్తం సదవాలె, గంతే. ఐదు నిమిషాలల్ల మా నాయిన మగ్గం కాడికి గూడ రాలేకపోతున్న."

నోట్లో సర్వపిండి ఉంది కాబట్టి నేను జవాబు చెప్పలేదు. చెప్పగలిగి ఉంటే తప్పకుండా ఏదో ఒకటి అనేవాణ్ని. అది ఆమె అదృష్టం, నాదీ. చదవమని చేత్తో సైగ చేశాను.

ఆమె చదివింది. కూలి పెంచమని మగ్గాలు ఆపిన రోజున సిరిసిల్లలో పసిపిల్లలకు నిద్ర పట్టదట, చప్పుడు ఆగిపోయినందుకు. తర్వాత, తానూ ఒక ఆసామే అయిన వాళ్ల నాన్న కథ దగ్గరికి వచ్చింది. ఆయన పొద్దున సేటు దగ్గరికి వెళ్లి, ఈ రేటుకు బతకలేమని కొట్లాడి వస్తాడు. మనమంతా ఒక్కింటోళ్లమే, సర్దుకోమని సేటు చెప్పి పంపిస్తాడు. మధ్యాహ్నం ఆయన దగ్గర పనిచేసే కార్మికుడు కూలి పెంచమని అడుగుతాడు. ఆయన బీడీ ముట్టించుకుని, మనమంతా ఒక్కింటోళ్లమే, సర్దుకోమంటాడు. ఇది మా తగవు రాకముందే రాసిన పేజీ అని, సిరా వెలిసిన తీరే చెబుతోంది. అయినా సైకిళ్ల షెడ్డు కింద అందరూ ఒక్కసారి నా వైపు చూసి, తల తిప్పుకున్నారు. నాకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఆ రోజు గడియారం చూడలేదు.

మర్నాడు కమిటీ సమావేశమై, అంటే నేను కుర్చీలో కూర్చుని, సంఘానికి అభిప్రాయం రాసి స్టాంపు వేసి పంపాను. అభిప్రాయమే రాశాను, అంగీకారం అన్న మాట రాయలేదు. అంతమాత్రం పౌరుషం ఉండాలి కదా. ఆమె ఆ ఏడాది సదస్సుకు సిరిసిల్ల శాఖ తరఫున వెళ్లి చదివి వచ్చింది. గడువు దాటలేదు. ఫ్లాస్కు మాత్రం జగిత్యాలకే దక్కింది. దాని మూత పోయింది.

కోరుట్ల శాఖ పెట్టిన కొత్తలోనే మెట్‌పల్లి వాళ్లు తమకూ వేరే కావాలన్నారు. కోరుట్ల సార్ ఒకరోజు నా దగ్గరికి వచ్చి, వీళ్లకు ఏమని చెప్పాలె తమ్మీ అని అడిగాడు. నాకు అనుభవం ఉంది కాబట్టి కమిటీ వెయ్యమన్నాను. ఆ తర్వాత రాష్ట్రమూ వచ్చింది, ఇంకొన్నాళ్లకు జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా అయ్యాయి. ఆ విషయంలో ప్రభుత్వం కంటే మేమే ముందున్నామని చెప్పుకుంటూ ఉంటాను. ఎవరు ముందుకు నెట్టారో మాత్రం చెప్పను.

రాష్ట్రం ఇంకా రాని ఆ రోజుల్లోనే సిరిసిల్ల శాఖ ప్రారంభ సభకు నన్ను అతిథిగా పిలిచారు. బస్సులు సమ్మెలో ఉన్నాయి. ఆటోలు మారుతూ, దుమ్ము కొట్టుకుపోయి, సభ సగంలో ఉండగా చేరాను. బ్యానరు మీద సిరిసిల్ల పేరు జానెడు అక్షరాల్లో ఉంది. నా పేరు కార్యక్రమంలో చిట్టచివర ఉంది. సరే, నాకూ ఐదు నిమిషాలే ఇస్తారు, పెట్టిందే తింటాం అనుకున్నాను. దెప్పుతూ ఒక మంచి మాట కూడా ముందే సిద్ధం చేసుకున్నాను.

నన్ను పిలుస్తూ మేడం మైకు పక్కకు తిప్పి, మెల్లగా అంది.

"సార్, మీకు టైం పెట్టలే. ఎంతసేపైనా మాట్లాడున్రి. చీకటి పడితే మా ఇంట్లనే ఉందురు. నాయినకు గూడ సెప్పిన, మీరస్తున్నరని."

లేచి నిలబడ్డాను. ఎదురుగా అందరూ నా కోసం కూర్చున్నారు. ఎవరూ గడియారం చూడటం లేదు. మూడో వరసలో ఒక ముసలాయన బీడీ ఆర్పేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని వినడానికి సిద్ధమయ్యాడు. ప్రాంతీయ అసమానతలు అని మొదలుపెట్టాను. కొంచెం దూరం వెళ్లాక, నా దగ్గర ఇంకేమీ లేదని తెలిసిపోయింది.

ఐదు నిమిషాల్లో కూర్చున్నాను.