అమ్మ నవ్వించడం మానేసిన శనివారం

వానకు తడిసిన ఉన్ని కోటు వాసన తగిలితే చాలు, డబ్లిన్ బస్సులో ఎక్కడ కూర్చున్నా లేచి తర్వాతి స్టాపులో దిగిపోతాను. బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని మా అద్దె ఇంట్లో ప్రతి శనివారం సాయంత్రం మెట్ల కమ్మీ నిండా అలాంటి కోట్లే వేలాడేవి. ముందు గదిలో దుప్పట్లు పరిచి తెలుగు ప్రార్థన కూడిక, పొయ్యి మీద మరుగుతున్న అల్లం టీ, రేకు ట్రేలలో చికెన్ బిర్యానీ, ఆ కోట్ల మధ్య దూరి దాగుడుమూతలాడే పిల్లలం.

అమ్మ పగలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించేది, తెలుగువాళ్ల ఫంక్షన్లలో స్టేజీ ఎక్కి జనాన్ని కడుపుబ్బ నవ్వించేది. ఇంతలో మాంద్యం వచ్చి పడింది. నాన్న ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు మూతపడింది, కూడికలోని కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియా, కెనడా దారి పట్టాయి, ఆ చలికాలమే నాన్నకు రక్త క్యాన్సర్ అన్నారు. అమ్మ ప్రతి జోకునూ ముందు ఆయన మీదే ప్రయోగించేది. మంచం మీద దగ్గుతూ దగ్గుతూ నవ్వాడా, అది స్టేజీకి పాసైనట్టు. నోటికి ఏదీ సయించని ఆ మనిషికి సూప్ తాగించడానికీ అదే లంచం: చెంచాకో జోకు.

ఆ ఉగాది ఫంక్షన్‌లో అమ్మ, క్యాన్సర్ మందులకు జుట్టు రాలిపోయిన నాన్న గుండునే ఎత్తుకుంది. "మేం ప్రభువు బిడ్డలమండీ! అయినా చూడండి, మా ఆయనకి తిరపతి ఎళ్లకుండానే గుండయిపోయింది!" హాలు ఘొల్లుమంది. ముందు వరుసలో టోపీ తీసి గుండు చూపిస్తూ అందరికంటే గట్టిగా నవ్వింది నాన్నే. ఆ మాట రాసిచ్చిందీ ఆయనే. కూడికలో పెద్దరికం చేసే సువార్త ఆంటీ మాత్రం మూతి బిగించింది. మర్నాడు నాకు జడ వేస్తూ ఎంతో మెత్తగా, "దేవుడికి కోపం వచ్చిందమ్మా. మీ అమ్మ ఈ ఏషాలు మానితేనే నాన్నకి తగ్గుద్ది" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఛీ, ఎంత తేలిగ్గా నమ్మేశానో!

కూడిక చివర ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పుకుంటారు: వీసా, ఉద్యోగం, పరీక్షలు. దానికి అందరూ ఆమెన్ అన్నాక ఇక అది దేవుడికిచ్చిన మాటే. ఆ శనివారం నాన్న పైగదిలో నిద్రపోతున్నాడు. ఎప్పుడూ "ఐయామ్ గ్రాండ్", నాకంతా బాగానే ఉంది అని ఇక్కడి పిల్లల్లా తప్పించుకునే నేను, ఆ రోజు లేచి నిలబడ్డాను.

"మమ్మీ జోక్స్ స్టాప్ చెయ్యాలి. అప్పుడు డాడీ బెటర్ అవుతాడు."

ఆంటీ అందరికంటే ముందు ఆమెన్ అంది. తక్కినవాళ్లూ అన్నారు. అమ్మ నన్ను లాగి ఒక్కటి కొట్టినా బాగుండేది. తల వంచుకొని తనూ ఆమెన్ అంది.

ఆ తర్వాత మా ఇంట్లో నవ్వు లేదు. చెంచాను పక్కకు నెట్టి నాన్న, "ఒకటెయ్యవే" అని బతిమాలేవాడు. "తాగండి" అనేది అమ్మ, అంతే. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు, ఇంకొన్నాళ్లకు తాగడమూ మానేశాడు. జూలైలో పోయాడు. సమాధి దగ్గర సువార్త ఆంటీ నా తల నిమురుతూ, "ముందే మానాల్సింది" అంది.

ఇప్పుడు ఆ కూడిక లేదు, ఆ ఇంట్లో ఎవరో ఉంటున్నారు. మెల్‌బోర్న్ వెళ్లిపోయిన సువార్త ఆంటీ పొద్దున్నే నాకు కామెడీ వీడియోలు పంపిస్తుంది, పడీపడీ నవ్వే బొమ్మలతో సహా. అమ్మ మాత్రం నవ్వొచ్చే సంగతి నోటిదాకా వచ్చినా మింగేస్తుంది. ఎందుకు మానేశావో నాన్నకు చెప్పావా అని పోయిన వారం ధైర్యం చేసి అడిగాను.

"లేదే. ఆఖర్న నా చెయ్యి పట్టుకుని, 'జబ్బు తెచ్చుకున్నానని నా మీద కోపమా?' అనడిగారు."

"నావల్లేనని చెప్పొచ్చు కదమ్మా!"

"పోయే మనిషికి తొమ్మిదేళ్ల పిల్లని కారణమని ఎట్టా చూపించనే?" అంది అమ్మ. "కోపమేనన్నాను."