దూడ ముడి

1980ల మొదట్లో మా అమ్మ ఏడాదికి పైగా మదనపల్లెలో, ఒక ఆసుపత్రి వెనక ఉన్న వృద్ధాశ్రమంలో ఉంది. నేను పుంగనూరులో టీచర్ని. నేను బడిలో ఉండే వేళ ఆమె వీధిలోకి వెళ్ళి, ఎప్పుడో అమ్మేసిన ఆవుల కోసం వెతికేది. ఊళ్ళోవాళ్ళు అరుళు మరుళు అన్నారు. డాక్టరు, మెదడు కుంచించుకుపోతోంది, ఇక మెరుగుపడదు అన్నాడు.

ఆ చలికాలంలో ఆమె మింగడం మానేసింది. సంగటి మెత్తగా పిసికి పెట్టినా బుగ్గలోనే ఉంచుకునేది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, గంజి పొయ్యవచ్చునని, వెయ్యకపోతే ఎక్కువ రోజులు ఉండదని పెద్ద సిస్టరు చెప్పింది. వేస్తే ఎలా ఉంటుందో నేను అడగలేదు. కుప్పం రైల్వే స్టేషన్లో పనిచేసే మా అన్నకు ట్రంకాల్ చేశాను.

"కన్నతల్లిని పస్తు పెట్టి సంపినారని అనిపించుకోవాల్నా మ్మే?" అన్నాడు.

గొట్టం వెయ్యమని సంతకం చేశాను.

అమ్మ గొట్టాన్ని రెండుసార్లు పీకేసింది. దాంతో ఆమె పాత చీరే చింపి, రెండు చేతులూ మంచానికి కట్టారు. కట్టిన చేతి వేళ్ళతోనే ఆ ముడులూ విప్పేసింది. ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయా నవ్వుతోంది.

"మీయమ్మతో ఏగలేకుండా ఉండాము టీచరమ్మా. కన్నకూతురి పేరు తెలీదు గానీ, ముడి మాత్రం సూడకుండా ఇప్పేస్తాది."

"పాడి చేసిన మనిషి గదా" అన్నాను.

"అట్లయితే నువ్వే కట్టు తల్లీ. మేం గట్టిగా కడితే కోసుకపోతాండాది, సూడు."

మణికట్టు దగ్గర చర్మం లేచి ఉంది. నా చిన్నప్పుడు అమ్మ కొట్టంలో నాకొక ముడి నేర్పింది. దూడ ఎంత లాగినా జారదు, మెడకు బిగుసుకోదు. ఆ ముడే వేశాను. అమ్మ చెయ్యి లాగి చూసింది. మళ్ళీ లాగింది. వేలితో ముడిని తడిమింది.

"బాగా కట్టినావు మ్మే. ఇంగ యాడికీ పోదు."

చాలా నెలల తర్వాత ఆమె నాతో తెలివిగా అన్న మాట అదొక్కటే.

గొట్టం తీసెయ్యమని పెద్ద సిస్టరును అడిగాను. ఆమె కోప్పడలేదు. అన్నా చెల్లెలూ ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టాలంది. మర్నాడు సెలవు పెట్టి కుప్పం బస్సెక్కాను. అన్న ప్లాట్‌ఫారం మీదే నిలబడి మాట్లాడాడు.

"ఆకలని నోరు తెరిసి అడగలేని మనిషికి కూడు ఆపమంటావా? యాల మ్మే, నీకు విసుగొచ్చిందా?"

విసుగూ ఉంది. లేదని అబద్ధం చెప్పలేకపోయాను.

"నువ్వొచ్చి ఒక్కతూరి అమ్మ చేతికి ఆ ముడి కట్టు, అన్నా" అన్నాను. "కట్టగలిగితే గొట్టం ఉండనీ."

గురువారం వచ్చాడు. ఆయా అప్పుడే కట్లు విప్పి ఒళ్ళు తుడిచి, చీర పీలిక అన్న చేతికిచ్చింది. అతను దాన్ని పట్టుకుని దగ్గరికి వెళ్ళగానే, అమ్మ అలవాటుగా తనే చెయ్యి చాపింది. అన్న పీలికను మంచం మీద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత "కాయితం యాడుండాది?" అన్నాడు.

గొట్టం తీశాక అమ్మ తొమ్మిది రోజులుంది. నేను తడిగుడ్డతో పెదవులు తడిపేదాన్ని. మింగినప్పుడు చెంచాడు మజ్జిగ పోసేదాన్ని. చేతులు దుప్పటి మీద ఊరికే ఉండేవి. ఆమె ఆకలితో పోయిందా, జబ్బుతో పోయిందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

బంధువులు అడిగినప్పుడల్లా అన్న, "సంతకం ఇద్దరమూ పెట్టినాము" అంటాడు. మొదటి సంతకం సంగతి అతనూ ఎత్తడు, నేనూ ఎత్తను.