మార్చిలో వాన రాదని నేనే రాశాను

విదేశీయులు మన దేశానికి ఏ నెలలో రావాలో చెప్పడం నా ఉద్యోగం. పెర్కిట్‌లో ఇంట్లో కూర్చుని ఒక ట్రావెల్ వెబ్‌సైట్‌కు రాస్తాను. నేను జిల్లా దాటింది నాలుగుసార్లే, అందులో రెండు పెళ్లిళ్లు. అయినా కాశ్మీర్ మంచు గురించి కూడా ధైర్యంగా రాస్తాను. మన వైపు గురించి ఇలా రాశాను: "అక్టోబర్ నుంచి మార్చి దాకా హాయిగా రండి. మార్చిలో ఆకాశం నిర్మలం, వాన మాటే ఉండదు." నాలుగు వెబ్‌సైట్లు చదివి ఐదోది రాశాను. ఆ నాలుగూ దేన్ని చూసి రాశాయో అడగలేదు.

పోయినేడాది మార్చిలోనే బాల్కొండ దగ్గర మా కాక, అంటే నాన్న తమ్ముడు, ఉడికించిన పసుపును కల్లంలో ఆరబోశాడు. కొమ్ము టక్కున విరిగేదాకా ఎండాలి. మధ్యలో తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే మార్కెట్‌లో ఎవరూ చూడరు. పక్క కల్లమాయన, తన ఇంట్లో ఫంక్షన్ ఉందని, కాక దగ్గరున్న టార్పాలిన్లను మూడు రోజులకు ఇమ్మని అడిగాడు.

కాక నన్ను పిలిచాడు. "నువ్వు గీ వానలు, ఎండలే రాస్తవ్ గదరా. మూడు రోజులల్ల వాన పడ్తదా?"

నేను ఫోన్‌లో నా వ్యాసం తెరిచి చూపించాను. "వాన మాటే లేదు కాకా. ఫారినోళ్లకే గింత ఖరాఖండిగ చెప్తున్న, నీకు అబద్ధం చెప్తనా?"

"గిది రాసిందెవరు?"

"నేనే."

"గట్లయితే పక్కా," అని టార్పాలిన్లు ఇచ్చేశాడు. నా రాతను అంతగా నమ్మిన పాఠకుడు అంతకుముందు లేడు.

రెండో రోజు మధ్యాహ్నం వాన కొట్టింది. చిన్నమ్మ దుప్పట్లు తెచ్చింది. నేను గోడకున్న పాత ఎన్నికల ఫ్లెక్సీ పీకి పరిచాను. నాయకుడు ఒక మూల పసుపును కాపాడాడు, హామీలో లేకపోయినా. మిగతాదంతా తడిసింది.

వాన వెలిశాక తల పట్టుకుని కూర్చున్నాను. "ఆకాశం మోసం చేసింది కాకా."

కాక తడిసిన కొమ్మును పంచెకు తుడుస్తూ అన్నాడు: "ఆకాశం నాకు మాటియ్యలేదురా. నువ్విచ్చినవ్."

నేను లేచి తడిసిన కొమ్ములు ఏరడం మొదలుపెట్టాను.

వ్యాసంలోని ఆ వాన వాక్యం మార్చమని ఎడిటర్‌ను అడిగితే, పసుపు ఆరబోసుకునేవాళ్లు మన పాఠకులు కారన్నాడు. వాక్యం ఇంకా అక్కడే ఉంది, నిర్మలంగా.

ఈ మార్చిలో మళ్లీ కల్లానికి వెళ్లాను. కాక చాయ్ పోశాడు, నాన్న మోకాళ్ల నొప్పి గురించి అడిగాడు. తర్వాత నా ముందే పక్క కల్లమాయనను కేకేశాడు. "అన్నా, వాన గిట్ల వస్తదా?"

ఆయనకు వెబ్‌సైట్ లేదు. ఒకసారి పైకి చూసి, "ఏమోనే," అన్నాడు.

ఆ మాట నమ్మి, కాక టార్పాలిన్లు దగ్గరికి లాక్కున్నాడు.